బల్లాయన తల

బల్లాయన తల ఊపగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. అవుననడానికీ ఊపడు, కాదనడానికీ ఊపడు. ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే కనుబొమ్మలు రెండూ పైకి లేపి దింపుతాడు, అంతే. కొత్తవాళ్ళు చూసి ఈయనకెంత పొగరో అనుకుంటారు. పొగరూ కాదు, మెడ పట్టేయడమూ కాదు. రోజూ తెల్లవారేసరికి ఆయన నెత్తి మీద మనిషి పొడవు చెక్కబల్ల ఒకటి ఉంటుంది. దాని మీద అప్పుడే పొయ్యిలోంచి తీసిన బ్రెడ్లూ బన్నులూ వరసలు తీరి ఉంటాయి. అంత సరుకూ నెత్తిన పెట్టుకుని ఆయన సైకిలు తొక్కుకుంటూ వీధులన్నీ తిరుగుతాడు. అలాంటి మనిషి మర్యాదకని ఒక్కసారి తల ఊపాడంటే సగం ఊరు పస్తుండాల్సిందే.

ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది. "కూరలో ఉప్పు సరిపోయిందా" అని భార్య అడిగితే కనుబొమ్మలే జవాబు. పెళ్ళైన కొత్తలో ఆ కనుబొమ్మలు సరేనంటున్నాయో సణుగుతున్నాయో తెలుసుకోవడానికే ఆవిడకు ఒక ఎండాకాలం, ఒక చలికాలం పట్టాయి. ఇక గుమ్మం దాటడం చూడాలి. అందరూ తల వంచుకుని వెళ్ళే చోట ఆయన మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి, కిందికి దిగి, అవతలికి వెళ్ళి మళ్ళీ లేస్తాడు. నెత్తిన బల్ల ఉన్నా అంతే, లేకపోయినా అంతే. స్నానాల గదిలోకి వెళ్ళేటప్పుడూ అంతే. ఆవిడ నవ్వీ నవ్వీ, చివరికి నవ్వడం మానేసి, తనూ ఒకటి రెండుసార్లు తెలియకుండానే అలా దాటేసింది.

ఆవిడ పెద్దాసుపత్రిలో ఆయా. తలకు దెబ్బ తగిలినవాళ్ళుండే వార్డులో పని. అక్కడ అందరూ ఆయమ్మా అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. ఉన్నదల్లా రెండు గదుల ఇల్లు, ఒక సైకిలు, ఇద్దరి డ్యూటీల మధ్య దొరికే సాయంత్రాలు. బల్లకీ తలకీ మధ్య ఉండే చుట్టకుదురు ఆయమ్మే చుట్టేది. పాత దుప్పటిని పేలికలుగా చింపి, నీళ్ళు చిలకరించి, మెలితిప్పి, గుండ్రంగా చుట్టి, పైన మెత్తటి గుడ్డ వేసి కుట్టేస్తుంది. ఆ పని ఇంకొకరికి అప్పగించదు. ఒకసారి బేకరీ ఓనరు ఎక్కడిదో రెడీమేడు కుదురు తెచ్చిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి బాగుంటుందంది. ఊరంతా తినే బ్రెడ్డు తన కుదురు మీదే నిలబడుతోందని ఆవిడకు లోలోపల కాస్త గొప్పగా ఉండేది. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఆవిడ చేసిన పొరపాటంతా ఇందులోంచే వచ్చింది.

ఆ వార్డులో పనిచేసేవాళ్ళ కంటికి రోడ్డు అందరికీ కనిపించినట్టు కనిపించదు. మనం గుంటను చూసి పక్కనుంచి పోతాం. ఆయమ్మ గుంటను చూస్తే అందులోంచి వచ్చి చేరిన మనిషీ, ఆ మనిషి మంచం, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళూ కనిపిస్తారు.

ఆ ఏడు వానాకాలంలో లెక్కల మాస్టారొకాయన వచ్చాడు. నీళ్ళ కింద గుంట కనబడక సైకిలు మీంచి పడ్డాడు. ఒంటి మీద గీత లేదు, చొక్కా నలగలేదు, దెబ్బంతా తలకే. కొన్ని వారాలకు లేచి కూర్చున్నాడు. చెంచా చూపించి ఇదేమిటంటే తాళం చెవి అనేవాడు. దానికి ఆయమ్మ పెద్దగా దిగులు పడలేదు. చెంచాలు మళ్ళీ నేర్చుకోవచ్చు. ఒకరోజు ఆయన భార్య పక్కన కూర్చుని కమలాపండు ఒలిచి పెడుతుంటే, ఆయన రెండు తొనలు తిని, ఎంతో మర్యాదగా, "మీరు ఎవరికోసం వచ్చారండీ" అని అడిగాడు. ఆవిడ ఒలవడం ఆపకుండానే "మీకోసమేనండీ" అంది. పక్క మంచం మీద దుప్పటి మారుస్తున్న ఆయమ్మ ఆ మాట వింది. ఆ దుప్పటి ఎలా పరిచిందో ఆవిడకే తెలియదు.

సాయంత్రం ఇంటికొచ్చిన మొగుడు ఎప్పటిలాగే మోకాళ్ళు వంచి గుమ్మం దాటుతుంటే ఆవిడ ఆయన తలనే చూసింది. కుదురు ఒరిపిడికి నడినెత్తిన జుట్టు పోయి, చర్మం నున్నగా మెరుస్తోంది. ఇన్నేళ్ళుగా చూస్తున్న తలే. ఆ రోజు మాత్రం అది చాలా పలచటి వస్తువులా కనిపించింది.

"ఏమండీ, ఒక హెల్మెట్ పెట్టుకోకూడదూ?"

"ఎందుకూ?"

"ఎందుకేమిటి, తలకి."

"తల ఖాళీగా లేదుగా," అని నవ్వాడాయన. "మరి బల్ల ఎక్కడ పెట్టను, నీ నెత్తినా?"

"హెల్మెట్ మీద కుదురు కుట్టిస్తా, దాని మీద పెట్టుకోండి. జుట్టు మీదైతేనేం, ప్లాస్టిక్కు మీదైతేనేం, కుదురు కుదురేగా."

ఆయన కనుబొమ్మలు లేపాడు. అది సరేనని కాదని ఆవిడకు తెలుసు.

అప్పటినుంచి ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అన్నం పెడుతూ పోరింది, సైకిలుకు గాలి కొడుతుంటే పక్కన నిలబడి పోరింది. ఆయన నొచ్చుకోడు, విసుక్కోడు, వినడు. అలాగని మొండివాడనుకునేరు. ఆ ఊళ్ళో ఎర్రలైటు దగ్గర ఎవరూ లేకపోయినా ఆగే సైకిలు ఆయనదొక్కటే. పిల్లి కూడా దాటని వేళ, ఖాళీ కూడలిలో, నెత్తిన బల్లతో ఒంటికాలు నేలకానించి, పచ్చలైటు వచ్చేదాకా నిలబడతాడు. రూలంటే రూలే. కట్టుకున్న పెళ్ళాం మాటకన్నా స్తంభానికి వేలాడే బల్బు మాటకే ఆ ఇంట్లో విలువెక్కువని ఆయమ్మ వార్డులో అందరికీ చెప్పి నవ్వించేది. ఆ నవ్వులోంచే ఆవిడకు ఆ ఆలోచన తట్టింది.

సైకిలు తొక్కే ప్రతివాళ్ళూ హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం చేద్దామా వద్దా అని ఊరి కౌన్సిలు సభ పెట్టింది. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చన్నారు. ఆ మధ్యాహ్నం ఆయమ్మ ఇంట్లో డబుల్ డ్యూటీ అని చెప్పి, యూనిఫారంతోనే హాలుకు వెళ్ళి కూర్చుంది.

నిజం చెప్పాలంటే అక్కడ ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు. సైకిలు క్లబ్బు అమ్మాయొకతె లేచి, "గుంటలు పూడ్చమంటే మా తలలు కప్పుతామంటారేమిటి? వెనకనుంచి కారు గుద్దితే ఈ డొప్ప ఆపుతుందా? తప్పు కారుది, బరువు మాకా?" అంది. చప్పట్లు కొట్టారు. సైకిళ్ళు బాగుచేసే ముసలాయన, "ఇంట్లో హెల్మెట్ మర్చిపోయినవాడు రేపు సైకిలే మర్చిపోతాడు, ఎల్లుండి స్కూటరు కొంటాడు, రోడ్డు ఇంకా ఇరుకవుతుంది" అన్నాడు. దానికీ కొట్టారు. ఆయమ్మ వార్డు డాక్టరుగారు లేచి, "రోడ్లు తప్పకుండా బాగుచేయండి, కానీ అవి బాగయ్యేదాకా తలలు మిగలాలి కదా" అన్నారు. దానికి ఎవరూ కొట్టలేదు, కానీ ఎవరూ కాదనలేదు.

ఆయమ్మ వంతు వచ్చింది. చెంచా సంగతి చెబుదామని ఇంటి దగ్గర అనుకుంది. మైకు ముందుకు వెళ్ళేసరికి చెంచా ఎటో పోయింది.

"మా ఆయన సైకిలు మీద బ్రెడ్డు వేస్తాడండీ," అని మొదలుపెట్టింది. "అందరూ తల తల అంటున్నారు. తలంటే ఎముకేననుకుంటున్నారు. దాని లోపల ఏముంటుందో నేను రోజూ చూస్తున్నా. మాకు పిల్లల్లేరు. మా అమ్మా నాన్నా పోయారు. ఇరవయ్యేళ్ళప్పుడు నేనెలా ఉండేదాన్నో, ఎలా నవ్వేదాన్నో తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. ఆ పిల్ల ఆయన తలలోనే ఉంది. ఇంకెక్కడా లేదు. ఆయన కిందపడి బ్రెడ్డు పోయిందనుకోండి, మళ్ళీ కాలుస్తారు. ఆ పిల్ల పోతే ఎవరు తెచ్చిస్తారు? నేను చెబితే ఆయన వినడు. మీరు చెబితే వింటాడు. అందుకని చెప్పండి."

వచ్చి కూర్చున్నాక తనేమందో తలుచుకుని ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. మొగుడి ముందు జన్మలో అనగలిగే మాటలు కావవి. టీ ఇచ్చారు, బన్ను ఇచ్చారు. సగమే తిని, మిగతా సగం కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. రాత్రి అన్నాలప్పుడు అది బయటపడింది. "వార్డులో ఇచ్చారు, మీరు తినండి," అంది. ఆయన ఆ సగం బన్నును అటొకసారి ఇటొకసారి తిప్పి చూశాడు. నెమ్మదిగా తిన్నాడు. "బాగుంది," అన్నాడు.

చట్టం నెగ్గింది. ఆయమ్మ మాటవల్లే నెగ్గిందని కాదు గానీ, చేతులెత్తిన సభ్యుల్లో ఇద్దరు బయటకొచ్చి ఆవిడ మాటే చెప్పుకున్నారని వార్డులో అందరూ అన్నారు.

"చట్టమట," అన్నాడు బల్లాయన ఆ సాయంత్రం.

"అవునట," అంది ఆయమ్మ, కడుగుతున్న గిన్నెలోంచి తలెత్తకుండా. మొహంలో సంతోషం ఎక్కడ కనిపిస్తుందోనని ఆ గిన్నెను రెండుసార్లు కడిగింది.

హెల్మెట్ తనే కొనుక్కొచ్చింది. చుట్టకుదురు ఎప్పటికన్నా వెడల్పుగా చుట్టి, హెల్మెట్ గాలి కంతల్లోంచి దబ్బనంతో దారం పోనిచ్చి, కదలకుండా బిగించి కుట్టింది. పెరటి సందులో ఖాళీ బల్లతో ఆయన అటూ ఇటూ తొక్కి చూశాడు. బల్ల నిలబడింది. "చూశారా," అంది ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని. ఆయన తల మీద వేళ్ళు పెట్టి, హెల్మెట్ పైనుంచే ఏదో తడుముకున్నాడు.

చట్టం మొదలైన రోజు పొద్దున ఆయమ్మ డ్యూటీకి ముందే బయల్దేరి ఆసుపత్రి కూడలిలో నిలబడింది. ఆయన వచ్చాడు. గడ్డం కింద పట్టీ, నెత్తిన హెల్మెట్, దాని మీద కుదురు, దాని మీద నిండు బల్ల. ఎర్రలైటు పడింది, ఆగాడు. పచ్చలైటు పడింది, తొక్కాడు. ఎడమకి తిరుగుతుండగా బల్ల ఒక చివర కొద్దిగా వాలింది. రోజూ అయితే బల్ల వాలకముందే ఆయన మెడ దానికి ఎదురుగా జరిగి ఉండేది. ఆ రోజు బల్ల ముందు వాలింది, మెడ తర్వాత జరిగింది. బన్నులన్నీ ఒక పక్కకు జారాయి. ఆయన సైకిలు ఆపి బల్లను పట్టుకునేలోపే సరుకంతా రోడ్డు మీద ఉంది.

ఎవరూ నవ్వలేదు. అదే ఆయమ్మకు భరించలేనిదిగా అనిపించింది. బండ్లు ఆగాయి. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు దిగి బ్రెడ్లు ఏరిచ్చారు. ఆయన ఇన్నేళ్ళలో ఒక బన్ను కింద పడేయగా చూసినవాళ్ళు లేరు, అందుకని వాళ్ళకు ఏమనాలో తెలియలేదు. ఆయమ్మ పరిగెత్తుకెళ్ళి వంగి ఏరుతుంటే ఆయన పక్కన కూర్చున్నాడు.

"వినబళ్ళేదు," అన్నాడు.

"ఏం వినబళ్ళేదండీ?"

"బల్ల వాలే ముందు చెబుతుంది. ఎటు పక్క జారుతుంటే అటు పక్క చర్మం కాస్త లాగుతుంది. దాన్ని బట్టి మెడ దానంతటదే జరుగుతుంది. దీనిలోంచి అది తెలియడం లేదు." తప్పు తనదే అన్నట్టు చెప్పాడు. "నీ కుదురుది కాదులే. కుదురు బాగానే ఉంది."

ఆయమ్మ చేతిలో మట్టి కొట్టుకుపోయిన బ్రెడ్డు ఉంది. బల్ల నిలబడింది ఇన్నాళ్ళూ తన కుదురు మీద కాదు, ఆయన తల మీద. పెళ్ళైన దగ్గర్నుంచీ కుదుర్లు చుడుతున్న మనిషి తెలుసుకోవాల్సిన సంగతి, నడిరోడ్డు మీద కూర్చుని తెలుసుకుంది.

బేకరీ ఓనరు మంచివాడే. ఒక్క మాటా అనకుండా, ముందు పెద్ద పెట్టె బిగించిన మూడు చక్రాల సైకిలు తెప్పించాడు. బల్లను బల్లాయన ఇంటికి తెచ్చి వంటింటి గోడకు ఆనించాడు. ఇప్పుడు తల భద్రం, పని భద్రం. ఆయమ్మ ఏది కోరి సభకు వెళ్ళిందో అది అక్షరాలా జరిగింది. అయినా ఆవిడకు ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే ఆయన్ని ఊరు గుర్తుపట్టడం మానేసింది. పెట్టె సైకిళ్ళు ఊళ్ళో బోలెడు. హెల్మెట్ అంచు కింద ఆ కనుబొమ్మలు ఎవరికీ కనిపించవు. ఆయన ఏమీ అనడు. ఒకప్పుడు ఇంటికొచ్చి ఏ వీధిలో ఎవరు కొత్త గేటు పెట్టించారో, ఏ మేడ మీద బట్టలు ఆరేశారో చెప్పేవాడు. బల్లతో తిరిగేవాడి చూపు ఎప్పుడూ ముందుకీ పైకే కదా. ఇప్పుడు పెట్టెను గోడలకు తగలకుండా చూసుకోవడమే సరిపోతోంది కాబోలు, కబుర్లు తగ్గిపోయాయి.

సెలవు రోజున ఆయమ్మ కావాలనే మేడమామ్మ ఉండే సందులోకి వెళ్ళింది. మేడమామ్మ ఆయనకు అందరికన్నా పాత ఖాతా. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేదు. ఆవిడ బాల్కనీ ఎత్తు, సైకిలు మీద బల్లాయన నెత్తి ఎత్తు సరిగ్గా ఒకటే. ఆయన గోడకు కాలానించి ఆగితే, ఆవిడ పైనుంచి చెయ్యి చాపి, బల్ల మీద వేడి చూసుకుని తనకు నచ్చిన బ్రెడ్డు తీసుకునేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఏళ్ళుగా మాట్లాడుకున్నారు. ఇప్పుడు మామ్మ పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వస్తోంది. ఆయన ఎదురెళ్ళి పైకి తెచ్చిస్తానంటే ఒప్పుకోదట, ఎంచుకోవడం తన హక్కట.

"ఈ చట్టం తెచ్చినవాళ్ళ కాళ్ళకు నా నొప్పులు రాను," అని శపించింది మామ్మ, చివరి మెట్టు మీద ఆయాసపడుతూ, పక్కనున్నది ఎవరో తెలియక ఆయమ్మ భుజం పట్టుకుని.

ఆయమ్మ ఆ భుజాన్ని కదపలేదు.

అదే సాయంత్రం బల్లాయన ఇంటికొచ్చాడు. చెప్పులు విడిచాడు. అందరిలాగే తల వంచుకుని గుమ్మం దాటాడు.

అది చూసి ఆయమ్మ పొయ్యి కట్టేసింది. ఇంక దాచుకోవడం తన వల్ల కాలేదు. నిజం తెలిస్తే ఈ మనిషి తిట్టడు, కొట్టడు, కనుబొమ్మలు కూడా లేపడేమో, ఇక జీవితమంతా పక్క గదిలో ఉన్నట్టే ఉంటాడేమో. ఆవిడ భయమంతా అదే. అయినా వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మీతో ఒక మాట చెప్పాలి. చెప్పాక మీరు ఏమన్నా పడతాను."

"చెప్పు."

"ఆ రోజు నాకు డబుల్ డ్యూటీ లేదు. హాలుకెళ్ళాను. ఆ చట్టం కావాలని మైకులో అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. హెల్మెట్ మీద కుదురు పెడితే బల్ల నిలబడుతుందనుకున్నా. మీ తలే తలుచుకున్నా గానీ మీ బల్ల సంగతి తెలుసుకోలేదు. మీ నెత్తిమీంచి దాన్ని దింపింది నేనే."

ఆయన కాసేపు గోడకు ఆనించిన బల్ల వంక చూశాడు.

"బన్ను బాగుంది ఆ రోజు," అన్నాడు.

"ఏ బన్ను?"

"వార్డులో ఇచ్చారని పెట్టావే. పొద్దునంతా తొక్కి వచ్చి, సభకు కావాలంటే మళ్ళీ రెండో విడత నేనే మోసుకెళ్ళాను. నేను మోసిన బన్ను నాకే పెట్టావు."

"మీరా తెచ్చింది?" అంది ఆయమ్మ.

"హాలు వెనక తలుపు దగ్గరికి వచ్చి బల్ల దించబోతున్నా. ఎవరో ఆవిడ 'మా ఆయన సైకిలు మీద బ్రెడ్డు వేస్తాడండీ' అంటోంది. గొంతు తెలిసిందిగా. ఇక దించలేదు. అలాగే నిలబడిపోయాను."

"మొత్తం విన్నారా?"

బల్లాయన తల ఊపాడు. కిందికీ పైకీ, రెండుసార్లు, కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా జాగ్రత్తగా ఊపాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అది చూడటం అదే మొదలు.

"తెలిసి, నేను ఇన్నాళ్ళూ కుమిలిపోతుంటే ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నువ్వు సిగ్గుపడి ఆ మాట వెనక్కి తీసేసుకుంటావని. ఇంట్లో నాతో ఒక్కసారీ అనలేదు కదా అలాంటి మాట. ఊరందరి ముందూ అన్నావు. నేను దాన్ని మోసుకొచ్చి దాచుకున్నా."

"మీ బల్ల పోయిందిగా నావల్ల."

"పోయింది," అన్నాడాయన. ఓదార్చడానికైనా కాదనలేదు. "బాధగానే ఉంది. పొద్దున్నే నెత్తి మీద ఏమీ లేకపోతే, చొక్కా లేకుండా బయటికొచ్చినట్టుంటుంది. కానీ ఒకటి చెప్పనా? ఆ మాట విన్న దగ్గర్నుంచీ, చట్టం రాకముందే, బల్లతో తిరుగుతుంటే నాకు భయమేసేది. అన్నాళ్ళూ బరువంతా తల పైనే అనుకున్నా. లోపల కూడా ఉందని నాకెవరు చెప్పారు?"

ఆవిడ ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఎప్పటినుంచో అడగాలనుకున్నట్టుగా అడిగింది: "ఉందా నిజంగా? ఎలా ఉండేదా పిల్ల?"

"ఎందుకు లేదూ. నేను కొత్తగా పనిలో చేరాను. బేకరీ ముందు జనంలో నిలబడ్డావు. బల్ల నెత్తికెత్తుకుంటుంటే నా ముక్కు మీద పిండి అంటుకుందని నవ్వావు. తుడుచుకుందామంటే రెండు చేతులూ బల్లకే ఉన్నాయి. నవ్వుతూనే వచ్చి, నీ చేతిరుమాలుతో నువ్వే తుడిచావు. పచ్చ అంచు రుమాలు. నీ చేతికి అప్పుడు గాజులు లేవు, వాచీ ఉంది, అది ఆగిపోయి ఉంది."

ఆయమ్మకు ఆ రుమాలు గుర్తు లేదు. ఆగిపోయిన వాచీ గుర్తు లేదు. తాను అంత ధైర్యంగా జనం మధ్య ఒక పరాయి కుర్రాడి ముక్కు తుడిచానంటే నమ్మబుద్ధి కాలేదు. ఎంత తడుముకున్నా అది తన దగ్గర లేదు. ఉన్నదల్లా ఎదురుగా కూర్చున్న ఈ మనిషి దగ్గరే ఉంది. సభలో తను ఊరికే ఆవేశంలో అన్నదనుకున్న మాట అక్షరం అక్షరం నిజమని ఆవిడకు అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళి, నున్నబడిన ఆ నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఆయన కదల్లేదు. ఆ విద్య ఆయనకు బాగా వచ్చు.

కొంతసేపటికి ఆ చేతి కిందినుంచే అన్నాడు: "అన్నం పెడతావా, మళ్ళీ ఎవరైనా సభ పెట్టారా?"

తర్వాతి సెలవు రోజు పొద్దున్నే ఆయమ్మే బల్లను తుడిచి గుమ్మం పక్కన పెట్టింది. చట్టం సైకిలు తొక్కేవాళ్ళకే గానీ నడిచేవాళ్ళకు కాదని ఆవిడకు అన్నం తింటుంటే తట్టింది. ఊరంతా నడిచి వేయలేం. ఒక్క సందు నడవలేమా? ఓనరు మీ ముచ్చట మీది అన్నాడు. సందు మొదట్లో ఆయన హెల్మెట్ తీసి హాండిల్‌కు తగిలించి, పాత కుదురు పెట్టుకుని, బల్ల నెత్తికెత్తుకున్నాడు. ఎత్తుకోగానే మెడ దాని చోటులోకి అది వెళ్ళిపోయింది. పెట్టె సైకిలును పక్కన ఆయమ్మ తోసుకుంటూ వచ్చింది.

నడుస్తుంటే బల్ల బాల్కనీకి కాస్త తక్కువెత్తులోనే ఉంటుంది. మేడమామ్మ మునివేళ్ళ మీద లేచి, కడ్డీల మీంచి వంగి, మూడు బ్రెడ్లు నొక్కి చూసి నాలుగోది తీసుకుంది.

"వచ్చావుటయ్యా," అంది బల్లతో. "ఆ చట్టం తెచ్చినవాళ్ళు బాగుపడతారా అసలు?"

"తెచ్చింది మా ఆవిడేనండీ మామ్మగారూ," అన్నాడు బల్లాయన కింద నుంచి.

ఆయమ్మ సైకిలు హాండిల్‌ను గట్టిగా పట్టుకుంది. మామ్మ బ్రెడ్డు తుంచుకుని నోట్లో వేసుకుని, ఆలోచించి నమిలింది.

"మొగుడిమీద బెంగ పెట్టుకున్నదాన్ని ఏమంటాం," అంది చివరికి. "నా శాపం నేనే మింగేశాలే. వారం వారం నడిపించుకురా ఇతన్ని."

సందు అయిపోయింది. అవతల పెద్ద రోడ్డు, ఇంకా వేయాల్సిన వీధులు. ఆయన బల్ల దించి, మిగిలిన సరుకు పెట్టెలో సర్ది, బల్లనూ కుదురునూ ఆయమ్మకిచ్చాడు. ఆవిడ బల్లను గోడకు ఆనించి, హెల్మెట్ తీసి ఆయన తలకు పెట్టింది. గడ్డం కింద పట్టీ తగిలించి, నొప్పి పుడుతుందేమోనని కాస్త వదులుగా వదిలింది.

బల్లాయన తల అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. హెల్మెట్ కొద్దిగా కదిలింది.

"ఇంకాస్త బిగించు," అన్నాడు. "లోపల మనిషుంది."

ఆవిడ బిగించింది. ఆయన సైకిలెక్కి రోడ్డు చివరిదాకా వెళ్ళి, ఎర్రలైటు దగ్గర ఆగాడు.